యెష్షయి అడిగిన ఆనవాలు

మా అమ్మాయి సైనిక శిక్షణ పూర్తిచేసుకొని విధుల్లో చేరిన వారం, ఆరాధన ముగిసే వేళ పాస్టరుగారు నన్ను లేచి సాక్ష్యం చెప్పమన్నారు. లేచాను. “నాకెంతో గర్వంగా ఉంది” అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. బైబిలులో గర్వానికి మంచి పేరు లేదు. “నాశనమునకు ముందు గర్వము నడచును” అని సామెతల గ్రంథంలో చదువుకుంటూ పెరిగినవాణ్ణి, అదే మాటను సంఘం ఎదుట నా బిడ్డకు తగిలించడానికి మనసొప్పలేదు. పోనీ అతిశయం అందామంటే, అతిశయించేవాడు ప్రభువునందే అతిశయించాలని పౌలు కొరింథీయులకు రాసిపెట్టాడు. చివరికి దేవునికి స్తోత్రం చెల్లించి, అమ్మాయి కోసం ప్రార్థించమని కోరి కూర్చున్నాను. కాని ఆ పూట నాలో ఏదో ఉప్పొంగిందన్నది నిజం. అదేమిటో తేల్చుకోవడానికే ఇది రాస్తున్నాను.

యూనిఫారంలో చూసి పొంగిపోయానా అంటే, పొంగిపోయాను, దాచడమెందుకు. అయితే కవాతు కన్నా, అంతకు రెండు నెలల ముందు ఆమె ఫోనులో మాటల మధ్య చెప్పిన ఒక చిన్న సంగతి నా మనసులో ఎక్కువగా నిలిచింది. ఒక రాత్రి ఆయుధాలు భద్రపరిచే గది రిజిస్టరులో లెక్క తప్పిందట. ఆ పూట ఆమెతోపాటు కొత్తగా చేరిన మరో అమ్మాయి కూడా కాపలాలో ఉంది కాబట్టి, నోరు మెదపకుండా ఊరుకుంటే నింద ఆ కొత్త అమ్మాయి మీదికే పోయేది. మా అమ్మాయి “అంకె తప్పు రాసింది నేనే” అని ఒప్పుకొని, ఆ వారం రావలసిన సెలవు పోగొట్టుకుంది. ఇంటికెందుకు రాలేదో చెప్పడానికే ఆ సంగతి ఎత్తింది గాని, అందులో తన గొప్పేదో ఉందని ఆమెకు తోచినట్టు లేదు.

సైనికులు బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరికి వచ్చి తామేమి చేయాలని అడిగినప్పుడు, ఎవరినీ బాధపెట్టి సొమ్ము గుంజవద్దనీ, ఎవరి మీదా అపనింద వేయవద్దనీ, తమ జీతంతో తృప్తిపడమనీ ఆయన చెప్పినట్టు లూకా మూడవ అధ్యాయంలో ఉంది. కొలువు మానుకోమని ఆయన అనలేదు. అలాగని దాన్ని పొగడనూ లేదు. చేతిలో ఆయుధమూ అధికారమూ ఉన్నవారికి ఎటువంటి శోధనలు వస్తాయో ఆయనకు బాగా తెలుసు. బైబిలు మెచ్చుకున్న సైనికాధికారులైన కపెర్నహూము శతాధిపతినీ, కొర్నేలీనీ చూపించి సైనిక వృత్తిని సమర్థించేవారు చాలామంది ఉన్నారు, నేనూ అలా వాదించినవాణ్ణే. కాని సిలువ దగ్గర యేసు వస్త్రాల కోసం చీట్లు వేసినవారు కూడా సైనికులే.

నా వాదాన్ని అంతకన్నా గట్టిగా కదిలించినది మాక్సిమిలియాను కథ. క్రీ.శ. 295లో, నేటి అల్జీరియాలోని తెబెస్సా పట్టణంలో, రోమా సైన్యంలో చేర్చుకోవడానికి ఎత్తు కొలవబోతే ఆ 21 ఏళ్ల యువకుడు తాను క్రైస్తవుణ్ణనీ, సైనికుడిగా పనిచేయలేననీ చెప్పాడు. చక్రవర్తుల అంగరక్షకుల్లోనే క్రైస్తవులున్నారు కదా అని అధికారి అడిగితే, వారికేది తగునో వారికి తెలుసు, నేను మాత్రం క్రైస్తవుణ్ణి అని బదులిచ్చాడు. కొడుక్కి నచ్చజెప్పమని అధికారి తండ్రిని కోరాడు. తనకేది మేలో వాడికే తెలుసని ఆ తండ్రి తప్పుకున్నాడు. మరణశిక్ష పడ్డాక కొడుకు నవ్వుమొహంతో, సైన్యంలో చేరడం కోసం నాకు సిద్ధం చేసిన ఆ కొత్త బట్టలు తల నరికేవాడికి ఇవ్వమని తండ్రితో అన్నాడు. తండ్రి, ఇటువంటి కానుకను ముందుగా ప్రభువు దగ్గరికి పంపగలిగినందుకు దేవునికి కృతజ్ఞతలు చెబుతూ సంతోషంతో ఇంటికి తిరిగి వెళ్లాడట.

ఆ కొత్త బట్టల దగ్గరే నేను ప్రతిసారీ ఆగిపోతాను. కొడుకు సైన్యంలో చేరతాడనుకొని బట్టలు సిద్ధం చేసిన మనిషే, వాడు చేరనన్నందుకు సంతోషించాడు. ఆ తండ్రి ఎదుట నిలబడి, నా కూతురు ఎంచుకున్నదే దేవుని మార్గమని చెప్పే ధైర్యం నాకు లేదు. బిడ్డ మనస్సాక్షిని బిడ్డకు వదిలిపెట్టడంలో ఆయన నాకన్నా చాలా ముందున్నాడు. సైన్యంలో చేరతానని మా అమ్మాయి అన్నప్పుడు నేను మూడు నెలలు సరిగా మాట్లాడలేదు. “నరహత్య చేయకూడదు” అన్న ఆజ్ఞను అడ్డం పెట్టుకున్నాను గాని, నిజానికి నాకున్నది భయం. భయాన్ని భక్తిగా చూపించడం తండ్రులకు సులువైన పని. ఆమె నాతో వాదించలేదు. తాను ఎవరినో ద్వేషించి వెళ్లడం లేదని మాత్రం ఒకసారి చెప్పి ఊరుకుంది.

ఈ మధ్య రాత్రి ప్రార్థనలో నేను మరో తల్లిని కూడా తలుచుకుంటున్నాను. న్యాయాధిపతుల గ్రంథం ఐదవ అధ్యాయంలో, ఇశ్రాయేలీయుల శత్రు సేనాధిపతి సీసెరా తల్లి కిటికీలోనుంచి చూస్తూ కొడుకు రథం ఇంకా ఎందుకు రాలేదని అడుగుతుంది. అతడు చనిపోయాడని చదివే మనకు తెలుసు, ఆమెకు తెలియదు. ఇశ్రాయేలీయుల నాయకురాలు దెబోరా పాడిన విజయగీతంలోనే ఈ కిటికీ కూడా ఉండటం వల్ల, నా బిడ్డను కాపాడమని అడిగేటప్పుడు అవతలి పక్క కిటికీల దగ్గర నిలబడినవారిని విడిచిపెట్టి అడగలేకపోతున్నాను.

దావీదు తండ్రి, ముసలివాడైన యెష్షయికి పెద్ద కొడుకులు ముగ్గురు యుద్ధంలో ఉన్నారు. వేయించిన ధాన్యం, పది రొట్టెలు, వారి అధిపతికి పది జున్నుగడ్డలు దావీదుకిచ్చి, అన్నలు క్షేమంగా ఉన్నారో లేదో చూసి ఒక ఆనవాలు తెమ్మన్నాడు. ఆ తరువాత కథంతా గొల్యాతుతో దావీదు చేసిన పోరు వైపు మళ్లిపోయింది. యెష్షయికి ఆనవాలు అందిందో లేదో ఆ అధ్యాయం చెప్పదు. నాకు ఆదివారం సాయంత్రం ఫోను వస్తుంది. “బాగున్నాను నాన్నా, ఉంటాను మరి” అంటుంది, ఒక్కోసారి అంతే.