అత్తయ్యగారికి కోపం లేదమ్మా

వశిష్ఠ గోదావరి ఒడ్డున, కొబ్బరితోట మధ్య ఉన్న ఒక ఆరోగ్య కేంద్రంలో నేను నరాల వైద్యుడిని. ఇక్కడికి వచ్చేవారిలో ఎక్కువమంది చెప్పేది ఒకటే: "నరాల బలహీనత డాక్టరుగారూ." తిమ్మిర్లయినా అదే, నిద్ర పట్టకపోయినా అదే, కొడుకు విదేశం వెళ్లిపోయాడన్న దిగులైనా అదే. ఆ మాట వెనక ఏముందో వెతకడమే నా పని.

కార్తీకంలో ఆత్రేయపురం వైపు నుంచి ఒక కోడలు అత్తగారిని తీసుకువచ్చింది. పెద్దావిడకు 62 ఏళ్లు, పెళ్లయినప్పటి నుంచీ పూతరేకులు తీస్తున్నారు. కుడిభుజం పట్టేసిందని మరోచోట నెలల తరబడి నూనె మర్దన చేయించారట. "భుజం సంగతి అలా ఉంచండి, మా అత్తయ్యగారికి నామీద కోపమండీ. ఏం చెప్పినా నవ్వరు" అంది కోడలు గొంతు తగ్గించి.

పెద్దావిడను పని గురించి అడిగాను. పిండిలో ముంచిన గుడ్డను బోర్లించిన వేడి కుండ మీద ఒక్క ఊపున పరిచి తీసెయ్యాలి. రోజూ చేసే పనిని మించిన పరీక్ష నా దగ్గర లేదు. "ఈమధ్య రేకు మందంగా వస్తోంది బాబూ. నెయ్యి వాసన కూడా తెలియడం లేదు" అన్నారు.

ఆ రెండో మాటకు కలం పక్కన పెట్టాను. బొటనవేలికి చూపుడువేలు గబగబా ఆనించి తీయమన్నాను. ఎడమచెయ్యి చక్కగా చేసింది. కుడిచేతి వేళ్లు నాలుగుసార్లు బాగా విడి, ఆ తర్వాత ఎడం తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయాయి. నడవమంటే కుడిచెయ్యి ఊగలేదు.

పార్కిన్సన్స్. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ వర్ణించిన జబ్బు. మెదడులో కదలికలను నడిపించే రసాయనం డోపమిన్. దాన్ని తయారుచేసే కణాలు తగ్గిపోయి కదలికలు మందగిస్తాయి, ముఖ కండరాలూ అంతే. వాసన తెలియకపోవడంతోనో, భుజం పట్టెయ్యడంతోనో, వణుకు లేకుండానూ మొదలవుతుంది, పొరబడేది అక్కడే.

"అత్తయ్యగారికి మీమీద కోపం లేదమ్మా. నవ్వు ముఖం దాకా రావడం లేదు" అన్నాను. ఆ అమ్మాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

దూలగొండి పొడి ఇవ్వమన్నారు వాళ్లు. ఆ గింజల్లో లెవోడోపా, అంటే మెదడులో డోపమిన్‌గా మారే మందు, ఉన్నమాట నిజమే, కానీ పొడిలో మోతాదు నిలకడగా ఉండదు. లెవోడోపా మాత్రే రాశాను, అన్నానికి అరగంట ముందు వేసుకోమని. పప్పు, చేపలతో కలిస్తే సరిగా పట్టదు. జబ్బు పూర్తిగా పోదనీ దాచలేదు.

నాలుగో వారం ఏటిగట్టు మీద నడుస్తూ కనిపించారు. కుడిచెయ్యి ఊగుతోంది, ఎడమచేతి అంత కాదు. వాసన మాత్రం తిరిగి రాలేదు.

"సంక్రాంతికి పొయ్యి వెలిగిస్తాను బాబూ" అన్నారు. "నెయ్యి కమ్మదనం కోడలు చూసి చెబుతుంది. రేకు నేనే తీస్తాను."