“ఇద్దరూ ఎడల్ట్సే, మేడమ్”

మూడేళ్ల క్రితం బెంగళూరు వెళ్లినప్పుడు మారతహళ్లి వైపు, రింగు రోడ్డు మీద ఓ పెద్ద హోటల్ తీసుకున్నాం. రూమ్ విశాలంగా ఉంది, స్విమ్మింగ్ పూల్ ఉంది, రేటు కూడా తక్కువే. బుకింగ్ యాప్‌లో ‘నగరం నడిబొడ్డున’ అని రాసి ఉంది. ఏ నగరమో రాయలేదు. కబ్బన్ పార్కుకి వెళ్లాలంటే గంటన్నర, తిరిగి రావడానికి ఇంకో గంటన్నర. ఆ నాలుగు రోజుల్లో మా పిల్లలు బెంగళూరులో బాగా చూసింది ముందు కార్ల నంబర్ ప్లేట్లే. మూడో రోజు చిన్నోడు “అమ్మా, ఇవాళ రూమ్‌లోనే ఉండిపోదామా” అన్నాడు. పదేళ్ల పిల్లాడు ఊరు చూడనంటున్నాడంటే తప్పు వాడిది కాదు కదా.

అందుకే మొన్న సంక్రాంతి సెలవులకి ముంబై అనుకున్నప్పుడు హోటల్ సంగతి నేనే చూస్తానన్నాను. “పండక్కి ఊరికి రాకుండా బొంబాయేంటే” అని అత్తగారు కాసేపు సణిగారు. వచ్చే దసరాకి వారం ముందే వస్తామని ఒప్పించాను.

ఈ మూడేళ్లలో పిల్లలు మారిపోయారు. పెద్దదానికి పదహారు, చిన్నోడికి పదమూడు. మాతో నడవాలంటే ఇద్దరికీ నామోషీ. పది అడుగులు ముందైనా ఉంటారు, వెనకైనా ఉంటారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం ఇంకా తక్కువ. ఛార్జర్ కోసమో, బాత్రూమ్ కోసమో తప్ప ఇంట్లో వాళ్లిద్దరి గొంతులూ కలిసి వినపడవు.

మ్యాప్ ముందేసుకుని కూర్చున్నాను. మనది హైదరాబాద్ లెక్క. నడిమధ్యలో దిగితే ఎటు వెళ్లాలన్నా ఓ మాదిరి దూరమే. ముంబైకి ఆ లెక్క పనికిరాదు. అది దక్షిణాన కొలాబా కొస దగ్గర మొదలై ఉత్తరానికి సన్నగా సాగిపోయే ఊరు. లోకల్ రైళ్ల కూడలి కావాలంటే దాదర్ వైపు దిగాలి. వెస్టర్న్, సెంట్రల్ రెండు లోకల్ లైన్లూ అక్కడ కలుస్తాయి, హోటళ్లు కూడా చవక. కానీ మేం చూడాలనుకున్న గేట్‌వే, మ్యూజియం, మెరైన్ డ్రైవ్, చిన్నోడి వాంఖడే స్టేడియం, పెద్దదాని కొలాబా కాజ్‌వే బజారు షాపింగ్ అన్నీ ఆ దక్షిణపు కొసనే ఉన్నాయి. అంటే మాకు కావాల్సిన సెంటర్ ఊరి చివర ఉందన్నమాట.

ఈలోగా ముంబై పక్కనున్న భివండీ నుంచి ఫోన్. మా ఆయన మేనత్త కొడుకు అక్కడే ఉంటాడు. సిరిసిల్ల వైపు నుంచి మగ్గాల పనికి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు భివండీలో బోలెడు. వాళ్లలో ఒకటి వాళ్లది. “హోటలెందుకు చెల్లెమ్మా, మా ఇల్లు లేదా? అంత మొహమాటమైతే ఠాణేలో సగం రేటుకి రూమ్ చూస్తాను” అన్నాడు. “ఒక రోజంతా మీ ఇంట్లోనే ఉంటాం అన్నయ్యా” అని తప్పించుకున్నాను. ఠాణేలో దిగితే పొద్దున్నే ఊరంతా సీఎస్‌ఎంటీ (పాత వీటీ స్టేషన్) వైపు వెళ్లే లోకల్‌లో మేమూ వేలాడాలి. కొలాబాలో ఉండి భివండీ వెళ్తే జనానికి ఎదురు వెళ్తాం. వెళ్లిన రోజు అదే జరిగింది. ఉదయం సీఎస్‌ఎంటీలో కల్యాణ్ ఫాస్ట్ ఎక్కితే నలుగురికీ సీట్లు, పైగా చిన్నోడికి కిటికీ పక్కన. ఎదురుగా వచ్చే ప్రతి బండీ తలుపుల దాకా మనుషులతో నిండి ఉంది. అన్నయ్యగారు ఆ రోజు భోజనాల దగ్గర చెప్పాడు, ముంబైలో రెడ్‌లైట్ పేటగా పేరుపడ్డ కామాఠిపురాకి ఆ పేరు మనవైపు నుంచి కూలికి వెళ్లిన కామాఠీల వల్లే వచ్చిందట. మా పెద్దది వెంటనే ఫోన్‌లో వెతికి నిజమేనని తేల్చింది. అప్పటిదాకా ఆ పేట పేరుకి దానికి తెలిసిన అర్థం వేరు.

సరే, హోటల్ దగ్గరికి వద్దాం. ఇంక మిగిలింది రెండు పేటలు. ఫోర్ట్ వైపు గదులు కొంచెం పెద్దవి, స్టేషన్ దగ్గర. కానీ అది ఆఫీసుల పేట. సాయంత్రం జనం ఇళ్లకి వెళ్లిపోతే చాలా వీధులు బోసిపోతాయి, ఆదివారం మరీను. పగలు సెంటరే, రాత్రి తొమ్మిదింటికి మాత్రం పదహారేళ్ల పిల్లని పక్క సందు దాకా పంపబుద్ధి కాదు. కొలాబాలో అలా కాదు. గదులు అగ్గిపెట్టెలు గానీ, కింద రోడ్డు రాత్రి పదింటి దాకా మేలుకునే ఉంటుంది. అది తట్టాక రేటింగులూ, బ్రేక్‌ఫాస్ట్ ఫొటోలూ చూడటం మానేశాను. వీధి ఫొటోలు చూడటం మొదలుపెట్టాను. ఫుట్‌పాత్ ఉందా, మందుల షాపుందా, మెయిన్ రోడ్డు నుంచి హోటల్ తలుపు దాకా ఎన్ని అడుగులు. వీళ్లిద్దరూ మేం లేకుండా బయటికెళ్లి, వాళ్లంతట వాళ్లే తిరిగి రాగలరా? నా లెక్కలో సెంటర్ అంటే అంతే.

కాజ్‌వేకి పక్క సందులో, పాత బిల్డింగు నాలుగో అంతస్తులో ఓ చిన్న హోటల్ దొరికింది. యాప్‌లో ‘ఫ్యామిలీ రూమ్’ అని ఉంటే నేరుగా ఫోన్ చేశాను.

“పిల్లల వయసెంత మేడమ్?”

“పదహారు, పదమూడు.”

“పన్నెండు దాటితే పిల్లలు కారు. ఇద్దరూ ఎడల్ట్సే, మేడమ్.”

ఇంట్లో ఇంకా అన్నం తిన్నావా అని మూడుసార్లు అడిగించుకునే ఇద్దరూ ముంబై హోటల్ లెక్కలో ఒక్క మాటతో పెద్దవాళ్లైపోయారు. ఆధార్ కార్డులు కూడా నలుగురివీ కావాలన్నాడు.

అప్పుడు కాగితం తీసి లెక్కేశాను. ఫ్యామిలీ రూమ్ అంటే ఒక డబుల్ బెడ్, ఒక సోఫా, సోఫాకి నేలకి మధ్య దూర్చిన ఇంకో పరుపు, నలుగురికీ ఒకటే బాత్రూమ్. రోజుకి 11,000. గది అద్దె 7,500 దాటితే జీఎస్టీ 18 శాతం, అంటే మొత్తం 12,980. అదే మామూలు రూములు రెండు తీసుకుంటే ఒక్కోటి 5,200. 7,500 లోపు గదులకి 2025 సెప్టెంబర్ 22 నుంచి పన్ను 5 శాతానికి తగ్గింది కాబట్టి రెండూ కలిపి 10,920. రెండు బాత్రూములు, రెండు వేల రూపాయల మిగులు. మా ఆయన కాగితాన్ని రెండుసార్లు తిరగేసి చూసి “ఎక్కడో తప్పుంటుంది” అన్నారు. తప్పేమీ లేదు. నేనూ పెద్దదీ ఒక గది, తండ్రీకొడుకులు ఎదురు గది.

నాంపల్లిలో మధ్యాహ్నం హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారకముందే సీఎస్‌ఎంటీలో దింపేసింది. 2004లో యునెస్కో జాబితాకెక్కిన స్టేషన్ అని పిల్లలకి చెప్పబోతే ఇద్దరూ ఆవలించారు. బయట చిన్నోడు ఆటో కోసం వెతకడం మొదలుపెట్టాడు. దక్షిణ ముంబైలోకి ఆటోలని రానివ్వరు, అటు బాంద్రా, ఇటు సయన్ దగ్గరే ఆగిపోవాలి. ఇటంతా నలుపు పసుపు టాక్సీలే, మీటరు 31 రూపాయలతో మొదలు.

చెకిన్ పన్నెండింటికి. పొద్దున్నే గది కావాలంటే సగం అద్దె అదనం అన్నారు. వద్దని సామాను రిసెప్షన్‌లో పడేసి, అక్కడే మొహాలు కడుక్కుని గేట్‌వే దాకా నడిచాం. ఐదు నిమిషాలు. సముద్రం మీద ఇంకా మంచు, ఎలిఫెంటా పడవలు ఒకదానికొకటి ఆనుకుని ఊగుతున్నాయి. సూర్యుడు ఎదురుగా లేచాడు. బెంగళూరులో ఈ టైముకి క్యాబ్ బుక్ చేస్తుండేవాళ్లం. అక్కణ్నుంచి టాక్సీలో ధోబీ తలావ్ దగ్గర కయానీ కేఫ్‌కి, 1904 నాటి ఇరానీ హోటల్. బ్రన్ మస్కా అంటే గట్టి పెంకుతో ఉండే బన్నుకి వెన్న రాసి ఇస్తారు, చాయ్‌లో ముంచితే గానీ తెగదు. “చాయ్ మన దగ్గరే బాగుంటుంది, బన్ను వీళ్ల దగ్గర బాగుంది” అని చిన్నోడు తీర్పు చెప్పాడు. దాంట్లో నాకూ అభ్యంతరం లేదు.

గది తాళం చేతికొచ్చాక తెలిసింది. యాప్‌లో కిటికీలోంచి సముద్రం కనపడే ఫొటో ఉంది. మాకిచ్చిన రెండు గదుల్లో ఒకదాని కిటికీ తెరిస్తే ఎదురుగా గోడ, ఆ మధ్య సందులో పావురాలు, కింద ఎవరిదో ఏసీ చప్పుడు. రిసెప్షన్‌లో అడిగితే “సీ వ్యూ వేరే కేటగిరీ మేడమ్” అన్నారు. నేను గొడవకి సిద్ధమవుతుంటే చిన్నోడు “నాకు ఇదే కావాలి” అన్నాడు. ఎందుకో మర్నాడు తెలిసింది. వెలుతురు రాని గదిలో వాడు తొమ్మిదిన్నర దాకా లేవలేదు. ఎదురు గదిలో పెద్దదీ అంతే. టీనేజ్ పిల్లలు అంతసేపు పడుకుంటే మామూలుగా నాకు బీపీ పెరుగుతుంది. ఇక్కడ మాత్రం మేమిద్దరం రోజూ ఆరున్నరకే దిగి ఓవల్ మైదానం దాకా నడిచొచ్చాం. పెళ్లయ్యాక అంత తీరిగ్గా కలిసి నడిచింది ఎప్పుడో నాకు గుర్తులేదు. మైదానానికి ఒకవైపు హైకోర్టు, 1878 నాటి రాజాబాయి టవర్, అంతా కోసుగా చెక్కిన రాతి కట్టడాలు. ఇటువైపు గుండ్రటి మూలలు, చారల బాల్కనీలతో ఆర్ట్ డెకో ఫ్లాట్లు. మధ్యలో గడ్డి మీద ఒకేసారి అరడజను క్రికెట్ మ్యాచ్‌లు. ఒక మ్యాచ్ ఫైన్ లెగ్ ఇంకో మ్యాచ్‌కి కవర్స్‌లో నిలబడి ఉంటాడు. ఎవడి బంతి ఎవడు ఆపాడో వాళ్లకి ఎలా తెలుస్తుందో గానీ తెలుస్తుంది. తర్వాతి రోజు చిన్నోణ్ని తీసుకెళ్తే వాడు గంటసేపు కదల్లేదు. వాంఖడే లోపలికి రానివ్వకపోయినా పెద్దగా బాధపడలేదు. 2011 ఏప్రిల్ 2 రాత్రి ధోనీ సిక్స్ కొట్టిన గ్రౌండు ఇదేనని గేటు ముందు ఫొటో దిగి వచ్చేశాడు. 2011కి వాడు పుట్టనే లేదు.

లిఫ్ట్ సంగతి చెప్పాలి. మడత గేట్లతో ఉండే పాత కాలపు లిఫ్ట్, ముగ్గురు పడతారు. ఎవరైనా దిగి గేటు సరిగ్గా లాగకపోతే అది అక్కడే ఉండిపోతుంది, ఎన్నిసార్లు బటన్ నొక్కినా రాదు. మూడో అంతస్తులో ఒక పెద్దాయన రోజూ అలాగే వదిలేసేవాడు. రెండో రోజు నుంచి మావాడు లిఫ్ట్ రాకపోతే ఒక్క మాట అనకుండా మెట్లు దిగి, గేటు మూసి, అదే లిఫ్ట్‌లో పైకొచ్చి మమ్మల్ని ఎక్కించుకునేవాడు. ఇంట్లో మంచినీళ్ల సీసా నింపమంటే పది నిమిషాలు పడుతుంది.

భోగి రోజు సాయంత్రం పెద్దది అడిగింది, “మేమిద్దరం కాజ్‌వేకి వెళ్లొస్తాం, మీరు రావద్దు.” మా ఆయన నా వైపు చూశారు. ఫోన్‌లో లైవ్ లొకేషన్ పెట్టి, ఎనిమిదిన్నరకల్లా రావాలని, ఒకర్నొకరు వదలొద్దని చెప్పి పంపాను. తర్వాత చేసిందల్లా మంచం మీద కూర్చుని ఫోన్‌లో నీలం చుక్కని చూడటమే. రీగల్ సినిమా వైపు వెళ్లింది, తిరిగింది, ఆగింది, మళ్లీ కదిలింది. ఒకచోట ఆగి ఇంక కదల్లేదు. ఐదు నిమిషాలు, పది, ఇరవై. ఫోన్ చేస్తే ఎత్తలేదు. చెప్పులేసుకుని మెట్ల మీదుగా దిగిపోయాను, లిఫ్ట్ కోసం కూడా ఆగలేదు.

సందు మలుపులో శాండ్‌విచ్ బండి. బీట్‌రూట్, బంగాళాదుంప, పచ్చి చట్నీ పెట్టి, ఇనుప పటకారులాంటిదాంట్లో బిగించి నిప్పుల మీద కాల్చి ఇస్తున్నాడు. దాని పక్కన మూసేసిన దుకాణం మెట్టు మీద నా పిల్లలిద్దరూ. చేతిలో కాగితం ప్లేట్లు. పెద్దది కొత్త జుంకాలు చెవికి ఆనించి చూపిస్తూ ఏదో చెబుతోంది, మూడొందలన్నవి నూట ఇరవైకి ఎలా తెచ్చిందో అనుకుంటా. చిన్నోడు నోటినిండా పెట్టుకుని నవ్వుతున్నాడు. పొలమారితే అది వాడి వీపు మీద చరిచింది, మళ్లీ ఇద్దరూ నవ్వు. నేను కొబ్బరిబొండాల బండి వెనక నిలబడి కాసేపు చూసి, వచ్చినదారినే వెనక్కి వచ్చేశాను.

ఎనిమిదీ ఇరవై ఐదుకి తలుపు కొట్టారు. డిన్నర్‌కి వెళ్దామంటే ఆకలి లేదన్నారు. ఫోన్ సైలెంట్‌లో ఉందన్నారు. చిన్నోడి టీషర్ట్ మీద ఆకుపచ్చ మరక.

మర్నాడు సంక్రాంతి. రిసెప్షన్‌లో అమ్మాయి నువ్వుల ఉండలు చేతిలో పెట్టి “తిళ్‌గుళ్ ఘ్యా, గోడ్ గోడ్ బోలా” అంది, నువ్వులుండ తీసుకుని తియ్యగా మాట్లాడమని. సీ వ్యూ గొడవ నేను ఇంక ఎత్తలేదు.

ఇదే పని మళ్లీ చేస్తే ఒక్కటి మారుస్తాను. రైల్లో తిరుగు ప్రయాణం రాత్రికి పెట్టుకుంటేనే తంటా. పన్నెండుకి చెకౌట్, రాత్రి దాకా సామాను రిసెప్షన్‌లో ఉంటుంది, మనుషులు ఎక్కడుండాలి? ఎలిఫెంటా ఆ రోజుకి ఉంచుకున్నాం, గుహలకి సెలవైన సోమవారం కాకుండా చూసుకుని. పడవలో వెళ్లి వచ్చి, గుహల మెట్లెక్కి దిగి అందరం చెమటతో తడిసిపోయాం. స్నానాలకైనా ఉంటుందని ఒక గది మాత్రం సాయంత్రం ఏడింటి దాకా సగం అద్దెకి ఉంచమన్నాను. రెండోది కూడా ఉంచుకుందామంటే మా ఆయన “ఇంక మూడు గంటలే కదా, సర్దుకుంటారు” అన్నారు.

నాలుగింటికి పెద్దది బాత్రూమ్‌లోకి వెళ్లింది. నాలుగున్నరకి చిన్నోడు తలుపు బాదడం మొదలుపెట్టాడు.