పెట్టె అడుగున పెన్సిల్ అంకె: నా అనుభవం

నా దగ్గరున్న పాత స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ రివాల్వర్‌కు దాని అసలు అట్టపెట్టెను వెతికి జతచేయాలని నేను మొదలుపెట్టిన పని దాదాపు మూడేళ్లు సాగింది. అది ముగిసిందని ఇప్పటికీ గట్టిగా చెప్పలేను.

ముందుగా ఆయుధం సంగతి చెప్పాలి. అది .38 (తూటా కొలత) డబుల్ యాక్షన్ రకం, అంటే ట్రిగ్గర్ నొక్కితే చాలు, తూటాను పేల్చే హ్యామర్ తానే లేచి పడుతుంది; అందులో మూడవ నమూనా. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ కర్మాగారంలో ఈ రకం తయారీ 1880లో మొదలై 1911 వరకు సాగగా, మూడవ నమూనా 1884, 1895 సంవత్సరాల మధ్య వచ్చింది. దీనిలో ఐదు తూటాలు పడతాయి. వెనుక భాగాన పైనున్న గొళ్లెం ఎత్తితే గొట్టం ముందుకు వంగుతుంది, సిలిండర్ మధ్యలోంచి నక్షత్రాకారపు పలక పైకి లేచి ఖాళీ తొడుగులను బయటికి తోసేస్తుంది. చేతికి వచ్చిన ప్రతిసారీ మొదట చేయవలసిన పని కూడా అదే: గొళ్లెం ఎత్తి, ఐదు గదులూ ఖాళీగా ఉన్నాయని కళ్లతో చూసుకోవడం. నూటముప్పై ఏళ్ల వస్తువు కదా అని ఈ విషయంలో అశ్రద్ధ చేసేవారిని నేను సేకర్తగా లెక్కించను.

గొట్టం మీది పట్టీపై చెక్కిన 1880 అన్న సంవత్సరం చూసి, అది తయారైన ఏడాదే అనుకుని కొన్ని నెలలపాటు అందరికీ అలాగే చెప్పుకున్నాను. అది పేటెంటు పొందిన సంవత్సరం మాత్రమేనని తరువాత తెలిసింది. తయారీ కాలం తెలియడం కేవలం సరదా విషయం కాదు. అమెరికాలో 1968 నాటి చట్టం 1898లో గాని అంతకుముందు గాని తయారైన వాటిని పురాతన ఆయుధాలుగా గుర్తిస్తుంది. మరో దేశంలో లెక్క మరోలా ఉంటుంది. అందుకే కొనడానికి ముందే, నేనున్న చోట అనుమతులిచ్చే అధికారులకు ఉత్తరం రాసి, జవాబు కూడా రాతపూర్వకంగానే తీసుకున్నాను.

ఇక అసలుతనం. పిడి అడుగున ఉన్న క్రమసంఖ్యే సిలిండర్ వెనుక ముఖం మీద, గొళ్లెం మీద, గొట్టం వెనుక భాగాన, కుడివైపు పిడి పలక లోపలా ఉండాలి. నా దానిలో అన్నీ కలిశాయి. నికెల్ పూత విషయంలో మాత్రం నాకు మొదట్లో అనుమానం వచ్చింది: ఒళ్లంతా తెల్లగా మెరుస్తున్న రివాల్వర్‌కు ట్రిగ్గర్ కాపు మాత్రం నల్లని నీలంగా ఉంది. ఎవరో భాగం మార్చారేమోనని బెంగపడ్డాను. నిజానికి కర్మాగారం ఈ రకాన్ని అలాగే పంపేది; కాపు నీలంగా, హ్యామర్, ట్రిగ్గర్ రెండూ మబ్బుల్లాంటి మచ్చల రంగులో ఉండాలి. అవి కూడా తళతళలాడుతుంటేనే తరువాత ఎవరో మళ్లీ పూత వేయించారని అర్థం. సంఖ్య పక్కన చిన్న నక్షత్రం గుర్తు ఉంటే, మరమ్మతుకు కర్మాగారానికి తిరిగి వెళ్లి వచ్చిందని గ్రహించాలి. నా దానికి ఆ గుర్తు లేదు.

ఆ కంపెనీ పాత దస్త్రాలను చూసి ధ్రువపత్రం పంపే ఏర్పాటు ఉంది. క్రమసంఖ్య, ఫొటోలు, రుసుము పంపి, జవాబు కోసం ఓపికగా ఎదురుచూశాను. వచ్చిన ఉత్తరంలో రివాల్వర్ కర్మాగారం దాటిన తేదీ, చేరిన వర్తకుడి పేరు, మూడుంబావు అంగుళాల గొట్టం, నికెల్ పూత, నల్లని గట్టి రబ్బరు పిడి, అన్నీ ఉన్నాయి. పెట్టె గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. పెట్టె కథను పెట్టే చెప్పాలి.

ఆ కాలపు పెట్టెలు అట్టతో చేసినవి, మూత పూర్తిగా ఊడి వస్తుంది. పక్కనున్న చీటీ మీద రకం, గొట్టం పొడవు, పూత ముద్రించి ఉంటాయి. అడుగున మాత్రం కర్మాగారంలో ఎవరో పెన్సిల్‌తో రివాల్వర్ సంఖ్య రాసేవారు. ఇనుమును అందరూ దాచుకున్నారు, అట్టను పారేశారు. అందుకే సంఖ్య కలిసిన పెట్టె దొరకడం అంత కష్టం.

నేను చేసిన పెద్ద పొరపాటు ఇక్కడే జరిగింది. ఒక అమ్మకందారు ఇదే రకం పెట్టె తన దగ్గర ఉందని తెలిపి, "మీ రివాల్వర్ నంబరు పంపండి సార్, సరిపోతుందేమో చూస్తాను" అన్నారు. పంపాను. మూడు రోజుల తరువాత, "మీ అదృష్టం సార్, అచ్చంగా అదే!" అని జవాబు వచ్చింది. నంబరు ఆయనను అడగాలే గాని నేను ఇవ్వకూడదన్న ఆలోచన ఆ సంబరంలో నాకు తట్టనే లేదు.

పెట్టె వచ్చాక చీటీని భూతద్దంతో చూశాను. అక్షరాల అంచుల్లో సిరా ఒత్తుకుని ఉంది, ఈనాటి యంత్రాల చుక్కల ముద్రణ కాదు. అతినీలలోహిత దీపం కింద కాగితం వెలగకుండా మసకగానే ఉండిపోయింది. 1940ల తరువాత విరివిగా వాడిన తెలుపు రసాయనాలున్న కాగితమైతే నీలంగా వెలిగేది. పెట్టె పాతదే. ఆ రాత్రి గదిలో దీపం ఆర్పి, టార్చిని పెట్టె అడుగుకు దాదాపు సమాంతరంగా ఆనించి పట్టుకున్నాను. నా నంబరు కింద అట్ట పైపొర కొంచెం రేగి, నూగులా లేచి ఉంది. ఆ నూగు మధ్య నుంచి మరో సంఖ్య గాట్లు నీడల్లా తేలాయి. రబ్బరు పెన్సిల్ గీతను చెరిపింది గాని, పెన్సిల్ మొన వేసిన ఒత్తిడిని చెరపలేకపోయింది.

ఫొటోలు పంపితే, తను కొన్నప్పుడే అలా ఉందన్నారాయన. వాదులాట తరువాత సగం డబ్బు వెనక్కి వచ్చింది. పెట్టెను మాత్రం నేను తిప్పి పంపలేదు. పంపితే అది మరొకరి నంబరుతో మరొకరికి చేరేదని నా అనుమానం.

రివాల్వర్‌ను అందులో ఉంచను. పాత అట్ట తేమను పీల్చి ఇనుముకు తుప్పు పట్టిస్తుంది, లోహం మీది నూనె అట్టను మరకలు చేస్తుంది. పెట్టెను ఆమ్లం లేని కాగితంలో చుట్టి విడిగా పెట్టాను. దొంగ నంబరును తుడవలేదు. తుడిస్తే కింద మిగిలిన గాట్లు కూడా పోవచ్చు. దానితోపాటు ఏటవాలు వెలుతురులో తీసిన ఫొటోను, నేను చదవగలిగిన పాత సంఖ్యను కాగితంపై రాసి ఉంచాను. ఆ సంఖ్యలో చివరి అంకె మూడో ఎనిమిదో ఎంత చూసినా తేలడం లేదు. అందుకని తోటి సేకర్తలకు రెండు సంఖ్యలూ ఇచ్చాను. వాటిలో ఏ రివాల్వర్ బయటపడినా పెట్టె ఆ యజమానిదే.