బాత్రూములో చిలక లేదు

ఆ ఆరు నేనే ఇచ్చాను. సాయంత్రం టీచర్ ఫోను వచ్చినప్పట్నుంచి ఇదే మాట లోపల గిర్రున తిరుగుతోంది. చారులో ఉప్పు రెండుసార్లు వేశాను. అత్తయ్య ఏమీ అనలేదు, మారు వడ్డించుకోలేదంతే.

చెప్పాలంటే చిలక దగ్గర మొదలుపెట్టాలి. జూలైలో అనుకుంటా, పాప బ్యాగు సోఫా మీద పడేసి "మా బాత్రూములో చిలక లేదమ్మా" అంది. అత్తయ్య చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తలెత్తి, "బాత్రూములో చిలకేంటే, మీ బళ్లో పక్షుల్ని కూడా పెంచుతున్నారా?" అన్నారు. పదేళ్లయింది బెంగళూరొచ్చి, నాకూ వెంటనే వెలగలేదు. కన్నడంలో చిలక అంటే తలుపు గడియ. స్కూల్లో ఆయమ్మ దగ్గర పట్టుకున్న మాట. గడియ అనే మాట దానికి తెలీదు, ఇంట్లో మేమంతా 'లాక్ చెయ్' అనేవాళ్లమే. ఆ పూటంతా చిలక జోకులే. బాత్రూములో చిలక, బెడ్రూములో పావురం.

నవ్వులయ్యాక అసలు సంగతి బయటికొచ్చింది. నాలుగో తరగతి అంతస్తులో ఆడపిల్లలకి మూడు ఉన్నాయట. ఒకదానికి ఎప్పుడూ తాళం. ఒకదాని ముందు ఎప్పుడూ క్యూ. మూడోదానికి చిలక ఊడిపోయింది. స్నేహితురాలు బయట తలుపు పట్టుకుంటే ఇది వెళ్తుంది. ఆ పిల్ల రాని రోజు నీళ్లే తాగదు. నేను పొద్దున నింపిన బాటిల్ నింపినట్టే తిరిగొస్తుంది. బస్సు పణత్తూరు రైలు బ్రిడ్జి కింద ఇరుక్కుని, ఐదు దాటాక దిగేసరికి పెదాలు ఎండి తెల్లగా ఉంటాయి.

డైరీలో రాశాను. ఎవరిదో సంతకంతో తిరిగొచ్చింది. ఫీజు కట్టడానికి వెళ్లినప్పుడు రిసెప్షన్‌లో చెప్తే "యాప్‌లో టికెట్ రైజ్ చెయ్యండి మేడం" అంది ఆ అమ్మాయి నవ్వుతూ. యాప్‌లో విభాగం ఎంచుకోవాలి. ట్రాన్స్‌పోర్ట్, ఫీజు, అకడమిక్స్, కెఫెటీరియా. గడియ వీటిలో దేని కిందికొస్తుందో మీరే చెప్పండి. ఫీజు కింద పెట్టాను, డబ్బు మాటంటే ఎవరో ఒకరు చూస్తారు కదా అని. చూశారు. మర్నాడే అకౌంట్స్ నుంచి ఫోను, "మీకు బకాయిలేమీ లేవు మేడం" అని.

దసరా సెలవులకి ముందు సర్వే వచ్చింది. 'తల్లిదండ్రుల సంతృప్తి సర్వే.' 22 ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి పది. పేరు చెప్పక్కర్లేదని పైన పెద్దక్షరాల్లో రాశారు, కానీ లోపలికి వెళ్లేదే పాప అడ్మిషన్ నంబరుతో. లైబ్రరీ ఎలా ఉంది, బస్సు ఎలా ఉంది, స్కూలు 'విజన్' మీకెంత నచ్చింది. అన్నిటికీ ఎనిమిదులు ఇచ్చుకుంటూ పోయాను. మా ఇంట్లో పదికి పది అనేది లేదు. లెక్కలన్నీ రైటయినా చేతిరాతకి అరమార్కు కోసే మాస్టార్ల దగ్గర చదువుకున్నాం, ఎనిమిదంటే నెత్తిన పెట్టుకున్నట్టు.

చిలక గురించి రాయడానికి జాగా మాత్రం ఎక్కడా లేదు. వెనక్కీ ముందుకీ తిరిగాను. అనుకోకుండా ఒక ప్రశ్నకి వేలు జారి ఐదు మీద పడితే కింద చిన్న పెట్టె తెరుచుకుంది, 'ఎందుకో చెబుతారా?' అని. ఎనిమిది నొక్కాను, మూసుకుపోయింది. ఏడు, మూతే. ఆరు, తెరుచుకుంది. అంటే ఆరు లోపు ఇస్తేనే నోరు తెరవనిస్తారు. సంతోషంగా ఉన్నవాళ్లకి చెప్పుకునేదేం ఉంటుందిలే అనుకున్నారేమో. సరే, దగ్గరగా ఉన్న ప్రశ్న ఏదా అని వెతికి, 'తరగతిలో పిల్లల బాగోగులు' అన్నదానికి ఆరు ఇచ్చి, ఆ పెట్టెలో చిలక కథంతా రాశాను. పంపేశాక ఎంత తృప్తి. అటెండరు కాకుండా నేరుగా ఆఫీసరే అర్జీ తీసుకున్నంత సంబరం.

ఇవాళ మధ్యాహ్నం దాని జవాబొచ్చింది. రంగురంగుల కాగితం, పైన 'మీరు అన్నారు, మేము చేశాం' అని ఇంగ్లీషులో. మీరు సమాచారం ఇంకా కావాలన్నారు, అందుకే రెండు వారాలుగా క్లాస్ టీచర్లు రోజూ మూడు ఫొటోలు పంపుతున్నారు. మీరు స్వాగతం ఇంకా బావుండాలన్నారు, అందుకే లాబీలో కాఫీ మెషిన్ పెట్టాం. మీరు స్పోర్ట్స్ టీషర్టు బట్ట దళసరిగా ఉందన్నారు, మార్చాం. కింద ఒక కప్పు కాఫీ బొమ్మ.

నన్ను లాబీ దాటనిచ్చేది ఏడాదికి మూడుసార్లు. ఆ మూడుసార్లకి నాకు కాఫీ. రోజూ ఏడు గంటలు అక్కడుండే పిల్లకి గడియ లేదు! ఎంత చూస్తే అంత మండింది. ఇటు తిప్పి అటు తిప్పి, వేళ్లతో పెద్దది చేసి మరీ చదివాను, ఏ మూలనైనా బాత్రూము అన్న మాట ఉందేమోనని. ఫొటోల సంగతి మరీను. నలభైమంది పిల్లల్ని పెట్టుకున్న మనిషి పాఠం ఆపి ఫోను తీసి, అందరి మొహాలూ పడేలా వరసలో నిలబెట్టి, యాప్‌లోకి ఎక్కించాలి. ఎందుకంటే నాలాంటి అమ్మకి సమాచారం కావాలట. నాకు కావలసిన సమాచారం ఒక్కటే, ఆ తలుపుకి మేకు కొట్టారా లేదా అని.

అన్నాలు తింటుంటే మా ఆయన ఆ కాగితం చూసి, "మీ స్కూలు కూడా మొదలెట్టిందా" అని కరెంటు బిల్లు వెనక గీతలు గీశాడు. వాళ్ల బెళ్లందూరు ఆఫీసులో పొద్దస్తమానం ఇదే లెక్కట. ఫ్రెడ్ రైక్‌హెల్డ్ అనే అమెరికా కన్సల్టెంట్ 2003లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాశాడట, నెట్ ప్రమోటర్ స్కోర్ అని. తొమ్మిది, పది ఇచ్చినవాళ్లు మనవాళ్లు. ఏడు, ఎనిమిది ఇచ్చినవాళ్లు ఎటూ కాదు. సున్నా నుంచి ఆరు దాకా మనమంటే గిట్టనివాళ్లు. గిట్టేవాళ్ల శాతంలోంచి గిట్టనివాళ్ల శాతం తీసేస్తే వచ్చేదే స్కోరు. వందమందిలో 50 మంది తొమ్మిదో పదో ఇచ్చి, 20 మంది ఆరు లోపు ఇస్తే స్కోరు 30. అసలది 'మా గురించి మీవాళ్లకి చెబుతారా' అనే ఒక్క ప్రశ్న కోసం పుట్టిందట, మా స్కూలు 22 ప్రశ్నలకీ అదే కత్తెర వేస్తున్నట్టుంది.

"అంటే నీ ఎనిమిదులన్నీ గాలికి పోయాయి. ఒక్క ఆరే పనిచేసింది" అన్నాడు తాపీగా.

"ఆరంటే ఫస్ట్ క్లాసు కదా!" అన్నాను. అరవై వస్తే ఊళ్లో చాక్లెట్లు పంచిన ఇల్లు మాది.

నాన్న గుర్తొచ్చాడు. ఆర్టీసీ కండక్టరు, మీకు తెలుసు. మా ఊరి హైస్కూల్లో తాగునీళ్లు ఉండేవి కావు. ఎండాకాలం ఒంటిపూట బడిలో కూడా రోడ్డు దాటి, టీకొట్టు పక్కనున్న బోరింగు దగ్గరికి పరిగెత్తేవాళ్లం. ఎనిమిదో తరగతి మొదటి యూనిట్ టెస్టు ప్రోగ్రెస్ కార్డు నాన్న చేతికిచ్చాను, సంతకం పెట్టమని. బస్సులో టికెట్ల వెనక చిల్లర బాకీ రాసే ఆ పెన్నుతోనే, సంతకం పైన ఖాళీ గడిలో రాశాడు: 'పిల్లలకు తాగేందుకు నీళ్లు లేవు. గమనించగలరు.' నా మార్కుల మీద ఒక్క ముక్క లేదు, సాంఘికంలో తొంభై రెండు వచ్చినా.

క్లాసు మాస్టారు దాన్ని అందరి ముందూ చదివారు. ఆ రోజు నుంచి నా పేరు గమనించగలరు. 'ఏయ్ గమనించగలరు, హోంవర్కు చేశావా?' 'గమనించగలరు జడ ఊడిపోయిందే!' త్రైమాసిక పరీక్షల కార్డు వచ్చింది, కాళ్లావేళ్లా పడ్డాను, నాన్నా ఈసారికి సంతకం ఒక్కటే పెట్టు అని. చదివి, కళ్లజోడు సర్దుకుని, "నీళ్లు పెట్టారా?" అన్నాడు. లేదన్నాను. మళ్లీ అదే వాక్యం, అదే గడిలో. అర్ధసంవత్సరం, అదే. వార్షికం, అదే. తొమ్మిదిలో అదే, పదిలో అదే. రెండోసారి నుంచి దాని పక్కన హెడ్మాస్టరుగారి ఎర్రసిరా మొదలైంది: 'చూచితిని.' కింద పొట్టి సంతకం. మూడేళ్లు నాన్న గమనించగలరు అనడం, ఆయన చూచితిని అనడం. అమ్మ ఆ కార్డుల్ని ఇప్పటికీ బియ్యం డబ్బా వెనక ట్రంకుపెట్టెలో దాచింది.

ఇక్కడిదాకా రాసి, ఆ రోజులే నయం, కనీసం ఒక మనిషి తన చేత్తో జవాబు రాశాడు అని రాయబోయాను. రాయలేకపోయాను. నేను పది పాసై బయటికొచ్చేదాకా అక్కడ నీళ్లు రాలేదు. చూచితిని అంటే చూశానని మాత్రమే. ఎర్రసిరా అయితే ఏంటి, కాఫీ కప్పు బొమ్మ అయితే ఏంటి.

ఇంకో నిజం కూడా ఒప్పేసుకుంటాను. ఆ ఫొటోలు అడిగింది మేమే. అమ్మల గ్రూపులో దసరా ముందంతా అదే గోల, పక్క స్కూల్లో రోజూ ఫొటోలు పెడతారట అని. నేనూ బొటనవేలు ఎత్తాను. రోజూ మూడింటికి ఫోను తీసి ముందు వెతికేది ఆ ఫొటోల్లో మా పిల్ల మొహాన్నే. కాఫీ కూడా ఎవరో అడిగే ఉంటారు. ఎక్కువమంది అడిగింది స్కూలు ఇచ్చింది, దానిలో తప్పేముంది. చిలక మాట నేను గ్రూపులో రాయనేలేదు. నాన్నలు కూడా ఉంటారు, బాత్రూము సంగతి ఏం రాస్తాంలే అని మొహమాటం. ఇద్దరమ్మల్ని విడిగా అడిగాను, "మా పాప ఏం చెప్పలేదే" అన్నారు. పాపలు చెప్పరు. చిలక అంటే పక్షి అనుకునే ఇళ్లల్లో ఎలా చెప్తారు.

మధ్యలో మా ఆయన ఇంకో జ్ఞానం చెప్పాడు. సీబీఎస్‌ఈ నిబంధనల ప్రకారం స్కూలు మేనేజింగ్ కమిటీలో ఇద్దరు తల్లిదండ్రులు ఉండాలట. నాలుగేళ్లుగా ఫీజు కడుతున్నాం, ఆ ఇద్దరెవరో ఏనాడూ అడగలేదు. ఇంట్లో పనికొచ్చే ఆమె కూతురు సర్కారు కన్నడ బడిలో చదువుతుంది, ఈవిడ అక్కడి ఎస్‌డీఎంసీ, అంటే బడి కమిటీ, మెంబరు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బళ్ల కమిటీల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగంమంది ఆడవాళ్లు ఉండాలి. మాలాంటి ప్రైవేటు స్కూళ్లకి ఆ సెక్షన్ లేదు. నేనేదో గొప్పగా అడిగితే ఆమె గిన్నె తోముతూనే "పిలుస్తారక్కా, టీ ఇస్తారు, సంతకం తీసుకుంటారు" అంది. అక్కడా కాఫీ మెషినే.

ఇక ఆ ఫోను. చెప్పకుండా తప్పించుకుంటున్నానని మీకు ఈపాటికి తెలిసిపోయుంటుంది.

ఆరున్నరకి క్లాస్ టీచర్ చేసింది. జూన్‌లో చేరిన పిల్ల, ఆంధ్రా సరిహద్దులో ఉన్న చింతామణి ఊరి వైపుది. స్కూల్లో మాతో ఇంగ్లీషు తప్ప మాట్లాడకూడదు వాళ్లు. గుడ్ ఈవెనింగ్ మేడం అని మొదలుపెట్టి రెండు వాక్యాలయ్యాక తెలుగులోకి జారిపోయింది, వాళ్లింటి తెలుగులోకి.

"మేడం, నేనేమన్నా తప్పు చేసినానా? మా క్లాసు బాగోగులకి మీరు ఆరు ఇచ్చినారంట. ఎందుకొచ్చిందో రాసియ్యమన్నారు కోఆర్డినేటర్ మేడం. రేపు పొద్దున్నకల్లా ఇయ్యాల."

వెనకాల కుక్కరు విజిలేసింది. ఎవరో చంటిపిల్ల ఏడుస్తోంది. పేరు చెప్పక్కర్లేదన్న పెద్దక్షరాలు నా కళ్లముందు గిర్రున తిరిగాయి. అది నీ గురించి కాదమ్మా, నువ్వు బాగా చూసుకుంటున్నావు, బాత్రూము గడియ గురించి, పెట్టె తెరుచుకోవాలని ఇచ్చాను అని గబగబా చెప్పాను. చెప్తుంటే ఎంత పిచ్చిగా ఉందో నాకే వినిపించింది. పెట్టె తెరుచుకోవాలని ఒక మనిషికి ఆరు ఇవ్వడం.

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "చిలకా మేడం?" అంది. "దాన్ని మెయింటెనెన్స్ రిజిస్టర్లో నేనే రాసినాను. జూన్‌లో ఒకసారి, ఆగస్టులో రెండుసార్లు."

ఇంకేం మాట్లాడతాను. రేపు ఆ కాగితంలో ఏం రాస్తావని కూడా అడగలేకపోయాను. హెడ్మాస్టరుగారి చూచితిని వల్ల ఎవరికీ నీళ్లు రాకపోయినా, మా క్లాసు మాస్టార్ని సంజాయిషీ రాయమని మాత్రం ఎవరూ అడగలేదు.

రాత్రి భోజనాలయ్యాక స్కూలుకి మెయిల్ పెట్టాను. ఆ ఆరు టీచర్‌కి కాదు, తలుపుకి అని. మా ఆయన చూసి 'తలుపుకి' అన్నది తీసెయ్, బావులేదన్నాడు. ఉంచాను. సర్వేలో నా జవాబు మార్చే వీలుంటే మార్చండి, పది వేసుకోండి అని కూడా రాశాను. నిమిషంలో జవాబు, మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది, మీ టికెట్ నంబరు ఇది, 48 గంటల్లో సంప్రదిస్తాం. చూచితిని.

నాన్నకి ఫోన్ చేశాను, ఊరికే. మాటల్లో ప్రోగ్రెస్ కార్డు సంగతి తెచ్చాను. "అట్టా రాశానా నేను? నాకు గుర్తులేదే" అన్నాడు. మూడేళ్లు నన్ను గమనించగలరు చేసి, ఆయన మర్చిపోయాడు. ఆ తర్వాత పదినిమిషాలు మోకాలినొప్పి, టీవీ సీరియలు.

పాప పడుకునేముందు నా చున్నీ తీసుకెళ్లి బాత్రూము తలుపు దగ్గర నిలబడి ఏదో చేస్తోంది. ఏంటే అంటే చూపించింది. ఊడిన గడియ కన్నంలోంచి ఆయమ్మ పాత రిబ్బను దూర్చి కట్టిందట, లోపలికెళ్లాక దాన్ని గోడ మేకుకి మూడు చుట్లు చుట్టుకోవాలట. మూడు, నాలుగు కాదు, నాలుగు చుడితే ఊడదీయడం కష్టం. "ఇదే మా చిలక" అంది. ఎప్పుడు కట్టిందే అంటే, మొన్నట్నుంచీ ఉందిగా అంది, నాకు చెప్పాల్సిన సంగతే కానట్టు.

అందరూ పడుకున్నాక బాటిల్ కడగబోయాను. సగం కంటే తక్కువే ఉన్నాయి నీళ్లు. మిగిలినవి కరివేపాకు కుండీలో పోశాను.