పక్కింటాయన షెడ్డులో ప్రీమియర్ డ్రమ్స్

లెస్టర్, శనివారం

పొద్దున్నుంచీ ముసురు. కూరగాయలకి మెల్టన్ రోడ్డు దాకా వెళ్ళాల్సిన పని మధ్యాహ్నానికి వాయిదా పడింది. పక్కింటి పెద్దాయన తలుపు కొట్టి, "నీకు డ్రమ్స్ తెలుసుగా, ఒకసారి వచ్చి చూసి పెడతావా?" అన్నారు. వీకెండ్‌లో నేను గ్యారేజీలో వాయించే గోల గోడ దాటి ఆయనకి వినబడుతూనే ఉంటుంది పాపం, ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. నో ఎలా చెప్పను?

కిందటేడు వాళ్ళన్నయ్య చనిపోతే ఆ డ్రమ్స్ ఈయన షెడ్డుకి చేరాయట. 1962లో కొన్నవని ఇంట్లో అందరూ చెప్పుకుంటారు. మనవడు నేర్చుకుంటానంటున్నాడు. వాడికి ఇచ్చే ముందు అసలు అవేమిటో, ఎప్పటివో తెలుసుకోవాలని ఆయన కోరిక.

లాన్ మూవర్ పక్కకి జరిపి దుప్పటి తీస్తే బేస్ డ్రమ్, చిన్న టామ్, నేల మీద నిలబెట్టే పెద్ద ఫ్లోర్ టామ్, పాత ఫైబర్ కేసులో స్టాండ్లు. బ్యాడ్జి మీద ప్రీమియర్, మేడ్ ఇన్ ఇంగ్లండ్. చూడగానే మనసు ఎగిరి గంతేసింది. ఇది ఈ ఊరి సరుకే మరి. ఈ డ్రమ్ముల కంపెనీ 1922లో లండన్‌లో మొదలైంది. 1940లో బాంబులు పడి ఫ్యాక్టరీ పోయాక ఇటు లెస్టర్ వైపు వచ్చి, పక్కనే ఉన్న విగ్‌స్టన్‌లో స్థిరపడింది. బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ 1963లో అమెరికా కంపెనీ లుడ్విగ్‌కి మారే ముందు వాయించింది ప్రీమియరే. ద హూ బ్యాండులో కీథ్ మూన్ చేతిలో దెబ్బలు తిన్నవీ అవే. ఈ రెండు పేర్ల పుణ్యమా అని ఇప్పుడు ప్రతి పాత ప్రీమియర్ సెట్టుకీ అమ్మేవాళ్ళు 'అరవైల నాటిది' అని చీటీ కట్టేస్తారు. నేనైతే ఆ మాట అస్సలు నమ్మను.

బ్యాడ్జిని కూడా పెద్దగా నమ్మను. కొత్త బ్యాడ్జి వచ్చిందని ఫ్యాక్టరీలో పాతవి పారేసేవారు కాదు, ఉన్నవి అయిపోయేదాకా బిగించేసేవారు. లగ్గులూ (బిగింపు స్క్రూలు పట్టే లోహపు ముక్కలు) అంతే, రిమ్ములూ (అంచు చుట్టూ ఉండే వలయాలు) అంతే. అందుకే నేను ఒక్కో భాగం విడిగా చూస్తాను. షెల్‌తో (డ్రమ్ గుండ్రటి ఒళ్ళు) పాటు ఫ్యాక్టరీలోనే బిగించిన వాటిలో ఏది అన్నిటికన్నా కొత్తదో తేలిందంటే, డ్రమ్ అంతకన్నా పాతది అయ్యే ఛాన్సే లేదు.

ముందు రంగు. పైన చుట్టిన ముత్యపు ప్లాస్టిక్ పాలు తక్కువైన టీ రంగులో ఉంది. ఆయన అది అసలు రంగే అనుకున్నారు. చిన్న టామ్ హెడ్ (పైన వాయించే పొర) తీసి, లోపలి స్క్రూలు విప్పి ఒక లగ్ ఊడదీశాను. లోపలి స్ప్రింగు జారి షెడ్డు నేల మీద టంగుమంది. లగ్ కింద వెలుతురు తగలని చోట, లగ్ ఆకారంలోనే, స్వచ్ఛమైన తెలుపు. అంచు దగ్గర గీత గీసినట్టు రంగు మారింది. ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని చాలాసేపు చూశారు. "ఇంత తెల్లగా ఉండేదా?" అన్నారు. అదనపు కన్నాలేవీ లేవు, మూసిన కన్నాలూ లేవు. అంటే ఆ లగ్గులు మొదటినుంచీ ఉన్నవే. క్రోమ్ ఇంకా మెరుస్తోంది. ఆ విషయంలో ప్రీమియర్ వాళ్ళకి వంక పెట్టలేం.

బేస్ డ్రమ్ కాళ్ళు మడిచేవి కావు, కన్నంలోంచి షెల్ లోపలికే తోసేసేవి. ముద్దుగా ఉంటాయి గానీ వాటితో ఏడాది చెప్పలేం, చాలాకాలం అలాగే చేశారు.

అసలు పరీక్ష హెడ్‌ది. ఇంటికెళ్ళి నా దగ్గరున్న కొత్త పన్నెండు అంగుళాల హెడ్ తెచ్చాను. పాత బ్రిటిష్ డ్రమ్ముల్లో పన్నెండు అంటే నిజంగా పన్నెండు కాదు, కాస్త ఎక్కువ. 1960ల చివర్లో గానీ ప్రీమియర్ అమెరికన్ కొలతలకి మారలేదు. హెడ్ పెట్టి చూస్తే ఒకవైపు కూర్చుంటే రెండోవైపు లేస్తోంది. అరచేత్తో గట్టిగా నొక్కినా దిగదు. ఈ మొండితనమే చిన్న టామ్‌కి మంచి బర్త్ సర్టిఫికెట్.

ఫ్లోర్ టామ్ దగ్గరే కథ తిరిగింది. అది ప్రీమియర్ కాదు. రంగు బంగారు, లగ్గులు గుండ్రంగా బుడిపెల్లా, లోపల చూస్తే మొత్తం తెల్ల పెయింట్. అది హేమన్. వైబ్రసోనిక్ అని పేరు పెట్టి శబ్దం గట్టిగా రావాలని షెల్ లోపల ఆ పూత వేసేవాళ్ళు. హేమన్ కంపెనీ మొదలైందే 1968లో. కాబట్టి 1962 అనే మాట ఈ ముక్కకి కుదరదు. ఈ మాట ఆయనతో ఎలా చెప్పాలా అని కొంచెం టెన్షన్ పడ్డాను, అన్నగారి వస్తువు కదా. చెప్పగానే ఆయన పగలబడి నవ్వారు. అసలు ఫ్లోర్ టామ్‌ని వాళ్ళన్నయ్య ఒక పెళ్ళిలో వాయించి, తాగిన మత్తులో వ్యానులో ఎక్కించకుండా వచ్చేశాడట. వదినగారికి తెలియకుండా ఇంకోటి కొన్నాడట. ఇన్నేళ్ళూ ఈయన కడుపులోనే దాచుకున్నారు.

ఫైబర్ కేసు మూత లోపల లండన్ షాపు స్టిక్కర్ ఒకటి సగం చిరిగి ఉంది. ఫోన్ నంబరు ముందు మూడు అక్షరాలున్నాయి. లండన్‌లో 1966 నుంచి ఆ అక్షరాలు తీసేసి మెల్లగా మొత్తం అంకెల్లోకి మార్చారు. పాత స్టిక్కర్లు మిగిలితే తర్వాత కూడా అంటించి ఉండొచ్చు, కానీ హెడ్ చెప్పినదానికి ఇది ఎదురు చెప్పడం లేదు. పాత రసీదు దొరికితే బాగుండేది. 1971 ఫిబ్రవరి 15న ఇక్కడ షిల్లింగులు పోయి డబ్బు లెక్క మారింది, షిల్లింగుల్లో ఉంటే దానికి ముందుదే. కేసంతా వెతికాం. విరిగిన స్టిక్కులు, ఒక తుప్పు పట్టిన ట్యూనింగ్ కీ తప్ప ఏమీ లేవు.

చివరికి నేను చెప్పింది ఇంతే: బేస్ డ్రమ్, చిన్న టామ్ అరవైల చివరికి ముందువి, 1962 అంటే కాదనడానికి కారణం కనబడలేదు, అవునని రాసివ్వను. ఫ్లోర్ టామ్ 1968కి ఇటువైపుది. ఆయనకి అది చాలు.

మెల్టన్ రోడ్డులో బెండకాయలు కొంటూ విజయవాడలో తమ్ముడికి ఫోటోలు పెట్టాను. వాడు అక్కడ చర్చిలో వాయిస్తాడు. వెంటనే ఫోన్ చేశాడు. "అన్నయ్యా, ఎంతకొస్తుంది?" అమ్మట్లేదురా, మనవడికి ఇస్తున్నారు అంటే, "అయితే ఆ తెల్లపూత మన సెట్టుకి వేసుకుంటే పనిచేస్తుందా?" అని అడిగాడు. వద్దన్నాను. వేస్తాడు, నాకు తెలుసు.

పాత కొలత హెడ్లు ఇప్పటికీ తయారుచేసేవాళ్ళున్నారు, ఖరీదే ఎక్కువ. చిన్న టామ్‌కి రెండు రేపు ఆర్డర్ పెట్టాలి. ఆ స్ప్రింగు ఇంకా దొరకలేదు, లాన్ మూవర్ కింద చూడమని ఆయనకి చెప్పాను.