చెవి వెనుక హోరు, ఆనిక్స్ వైద్యం

ఎడమ చెవి వెనుక నాడితోపాటు కొట్టుకునే హోరు మొదలైనప్పుడు, తొలుత చూపించుకున్న ఆసుపత్రిలో వినికిడి పరీక్ష బాగుందని, ఇదంతా ఆందోళనేనని చెప్పి నిద్రమాత్రలు రాసి పంపించారు. ఆర్కే బీచ్‌లో అలల చప్పుడుకు అది కాసేపు మరుగున పడేది. రాత్రి సీతమ్మధారలో మా వీధి సద్దుమణిగాక మాత్రం నిద్ర పట్టనిచ్చేది కాదు. తర్వాత చూసిన న్యూరాలజిస్టు చెవి వెనుక ఎముక మీద స్టెతస్కోపు ఆనించి, "ఈ చప్పుడు నాకూ వినిపిస్తోందమ్మా" అన్నారు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది.

మెదడును కప్పి ఉంచే డ్యూరా పొరలో ధమనులు నేరుగా సిరలోకి తెరుచుకున్నాయని, ఆ ఒత్తిడికి రక్తం మెదడు సిరల్లోకి వెనక్కి తన్నుతోందని, అలా వదిలేస్తే మెదడులో రక్తస్రావం జరగవచ్చని ఆంజియోగ్రామ్‌లో తేలింది. పుర్రె తెరవకుండా, తొడ దగ్గరి ధమని గుండా వెంట్రుకంత సన్నని గొట్టం పంపి, ఆనిక్స్ అనే ద్రవంతో ఆ దారి మూసేద్దామన్నారు.

మందు ఎలా పనిచేస్తుందో డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. అది డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగించిన పాలిమర్, అంటే ప్లాస్టిక్ లాంటి పదార్థం. ఎక్స్‌రేలో కనబడేందుకు అందులో టాంటలం లోహపు పొడి కలుపుతారు, ఆ పొడి అడుగున పేరుకోకుండా సీసాను కనీసం 20 నిమిషాలు యంత్రంపై కుదుపుతారు. రక్తం తగలగానే ద్రావకం విడిపోయి, కారుతున్న కొవ్వొత్తి మైనంలా పైపొర ముందు గట్టిపడుతుంది, లోపలిది ఇంకా ముందుకు పాకుతుంది. క్షణాల్లో బిగిసిపోయే సయనోయాక్రిలేట్ జిగురుతో పోలిస్తే, ఇందులో మధ్యమధ్య ఆగి, చిత్రం చూసుకుని, మళ్ళీ నెమ్మదిగా ఎక్కించే వీలుంటుంది. తొందరపడితే ద్రావకమే రక్తనాళాన్ని దెబ్బతీస్తుందట. దారి తప్పితే ముఖ నరానికో, కంటికో ముప్పు.

మత్తు నుంచి తేరుకునేసరికి చెవిలో చప్పుడు లేదు. మావారు దగ్గరికి వంగి, "నీ దగ్గర వెల్లుల్లి వాసన వస్తోందేమిటి?" అని కంగారుపడ్డారు. డీఎంఎస్‌ఓ ఊపిరిలోంచి బయటికి పోతున్నప్పుడు అలాగే ఉంటుందని, ఒకటి రెండు రోజుల్లో పోతుందని నర్సు చెప్పింది. ఇంత చిన్న సంగతి ఇంటివాళ్ళకు ముందే చెప్పి ఉంచాలని నా గట్టి అభిప్రాయం.

తొడ దగ్గర కమిలిన మచ్చ తొందరగానే తగ్గింది కానీ, నమిలేటప్పుడు దవడ నొప్పి కొన్నాళ్ళు వేధించింది. నెలల తర్వాత తీసిన ఆంజియోగ్రామ్‌లో ఆ దారి పూర్తిగా మూసుకుని ఉంది. సీటీ తీస్తే టాంటలం వల్ల చుట్టూ తెల్లని చారలు పడతాయి కాబట్టి, చూసేవారు పొరబడకుండా డిశ్చార్జి కాగితం నకలు ఎక్కడికి వెళ్ళినా వెంట ఉంచుకుంటున్నాను.