924 సెకన్లు

మూడు వారాలుగా సోమవారం ఉదయం ఒకటే ఫిర్యాదు. మొదట రిపోర్టు అడిగినవాళ్లకి స్క్రీన్ మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది, పావుగంట దాటాక ఎర్రర్ వస్తుంది. మళ్లీ నొక్కితే రెండు సెకన్లలో రిపోర్టు రెడీ. డేటాబేస్ వాళ్లు తమకసలు క్వెరీయే రాలేదన్నారు. నెట్‌వర్క్ వాళ్లు లింకు బాగానే ఉందన్నారు. ఇద్దరూ చెప్పింది నిజమే.

నాలుగో సోమవారం ఏడింటికే వచ్చి టీసీపీడంప్ (నెట్‌వర్క్‌లో వెళ్లే, వచ్చే ప్యాకెట్లని చూపించే టూల్) పెట్టుకుని కూర్చున్నాను. ప్యాకెట్ వెళ్లింది, అందిందని అటునుంచి రావాల్సిన జవాబు, ఏక్, రాలేదు. 0.2 సెకన్లకి అదే ప్యాకెట్ మళ్లీ వెళ్లింది. తర్వాత 0.4, 0.8, 1.6... అలా రెట్టింపవుతూ 102 దాకా వచ్చి, అక్కణ్ణుంచి రెండేసి నిమిషాలకోసారి. పదిహేనుసార్లు తిరిగి పంపి, ఆఖరి రెండు నిమిషాలూ చూసి మా మెషిన్‌లోని లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కనెక్షన్ వదిలేసింది. కాగితం మీద కూడితే 924.6 సెకన్లు. మా లాగ్‌లో ఉన్నదీ దాదాపు అంతే.

కారణం మా అప్లికేషన్‌కీ డేటాబేస్ సర్వర్‌కీ మధ్యలో ఉన్న ఫైర్‌వాల్. గంటసేపు ప్యాకెట్లేవీ నడవని కనెక్షన్‌ని అది తన టేబుల్‌లోంచి తీసేస్తుంది. ఆ సంగతి అటు సర్వర్‌కీ చెప్పదు, ఇటు మాకూ చెప్పదు. శని, ఆదివారాలు ఎవరూ వాడని కనెక్షన్లు మా పూల్‌లో (ముందే తెరిచి ఉంచుకునే కనెక్షన్ల గుంపులో) బతికున్నట్టే కనిపిస్తాయి. ఖాళీగా ఉన్న కనెక్షన్ బతికుందో లేదో చూడ్డానికి చిన్న ప్యాకెట్ పంపే కీప్‌అలైవ్ ఆన్ చేసే ఉంది. కానీ లినక్స్‌లో దాని డిఫాల్ట్ 7200 సెకన్లు, అంటే రెండు గంటలు. ఫైర్‌వాల్‌కి గంట చాలు.

టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి అడిగాడు: "అన్నా, జవాబు రాకపోతే ప్రతి అర సెకనుకీ పంపుతూ ఉండొచ్చు కదా, ఈ రెట్టింపు ఎందుకు?" మంచి ప్రశ్న. 1986 అక్టోబర్‌లో లారెన్స్ బర్కిలీ ల్యాబ్‌కీ బర్కిలీ యూనివర్సిటీకీ మధ్య, 400 గజాల దూరంలో, వేగం సెకనుకి 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకి పడిపోయింది. లైను రద్దీగా ఉంటే జవాబు ఆలస్యమవుతుంది. పంపినవాడు ప్యాకెట్ పోయిందనుకుని మళ్లీ పంపుతాడు, దాంతో రద్దీ ఇంకా పెరుగుతుంది. అందుకే జవాబు రాని ప్రతిసారీ ఆగే సమయాన్ని రెట్టింపు చేస్తారు. నెట్‌వర్క్ పరిశోధకుడు వాన్ జాకబ్‌సన్ 1988 పేపర్‌లో, మొదట ఎంతసేపు ఆగాలో లెక్కకట్టడానికి సగటు ఒక్కటే చాలదని, జవాబు వచ్చే సమయంలో హెచ్చుతగ్గుల్నీ కొలవాలని చూపించాడు. ఇప్పటి ప్రమాణం ప్రకారం ఆ హెచ్చుతగ్గుకి నాలుగు రెట్లు సగటుకి కలుపుతారు. నాకు చాలా ఇష్టమైన లెక్క ఇది. లైను స్థిరంగా ఉంటే తొందరగా తేల్చేస్తుంది, ఊగుతుంటే ఓపిక పడుతుంది.

ఆ ఓపిక నెట్‌వర్క్ కోసం. రిపోర్టు కోసం కూర్చున్న మనిషి కోసం కాదు. ఆ మనిషి కోసం టైమర్ మేమే పెట్టాలి, ఇన్నాళ్లూ పెట్టలేదు. ఇప్పుడు కీప్‌అలైవ్ 600 సెకన్లకి తగ్గించాం. జవాబు రాకపోతే ఎంతసేపటికి కనెక్షన్ వదిలేయాలో చెప్పే టీసీపీ యూజర్ టైమ్‌అవుట్ 30 సెకన్లు పెట్టాం. ముప్పయ్యే ఎందుకంటే, మా లింకు బ్యాకప్ లైనుకి మారడానికి పది, పన్నెండు సెకన్లు పడుతుంది. అంతకన్నా తక్కువ పెడితే బాగున్న కనెక్షన్లనీ మేమే తెంపేస్తాం.